గ్రాంటు బండి మీద ఐదుగురు

ఏప్రిల్ 8

ఈ నెల కూడా జీతాలు రాలేదు. నాకూ డ్రైవర్ హన్మండ్లుకూ వచ్చాయి, మాది సర్కారు ఉద్యోగం. గ్రాంటు మీద పెట్టుకున్న ఆరుగురికి జనవరి నుంచి లేవు. మూడేళ్ల కిందట ఆ గ్రాంటుతోనే ఎల్లారెడ్డిలో ఈ చిన్న ఫైర్ స్టేషన్ తెరిచారు. కొత్త బండి ఇచ్చారు, షెడ్డు వేయించారు, బోర్డు పెట్టించారు. అవన్నీ ఒకేసారి వచ్చాయి. మనుషుల జీతం మాత్రం విడతలుగా వస్తుంది, ఇప్పుడు ఆగింది. జూన్‌తో గడువు తీరుతుంది. మళ్లీ ఇవ్వాలా వద్దా అని చూడడానికి పైనుంచి మనిషి వస్తాడట. బండి కదిలినప్పుడల్లా దాని మీద ఐదుగురు ఉండాలన్నది షరతు. నేను, హన్మండ్లు, ఆ పూట డ్యూటీలో ఉండే ముగ్గురు.

జనానికి ఇవేవీ తెలియవు గానీ లింగంపేట నుంచి మహమ్మద్‌నగర్ దాకా దీన్ని గ్రాంటు బండి అనే అంటారు.

మధ్యాహ్నం మహేందర్ వచ్చాడు. మా పూట ముగ్గురిలో చురుకైనవాడు.

"అన్నా, కోతలు షురువైనయి. హార్వెస్టర్ నడపనీకి రమ్మంటున్నరు. పొద్దంత నడిపి పొద్దూకినంక వస్త. గీ పక్క పొలాలే. నువ్వు ఫోన్ కొడితే అట్లనే దుంకి వస్త."

నేను హాజరు పుస్తకం తిరగేశాను.

"సరే అనన్న అను, వద్దనన్న అను. నోట్లె నీళ్లు పోసుకున్నవా గంగారామన్నా?"

తల ఊపాను. అది సరే అనడమో కాదో నాకే తెలియదు. అతను మాత్రం నవ్వుకుంటూ వెళ్లాడు.

లెక్క: పాలు, టార్చి బ్యాటరీలు, ఉల్లిగడ్డ.

ఏప్రిల్ 9

ముగ్గురిలో రెండో అతను భీమేష్ కూడా వెళ్లాడు, వడ్ల కొనుగోలు కేంద్రంలో బస్తాలు మోయడానికి. మూడో అతను బీబీపేట నుంచి రావాలి, బస్సు కిరాయికి లేక వారంగా రావడం లేదు. ముగ్గురికీ హాజరు వేశాను. ఇది తప్పని నేను అనుకోవడం లేదు. జీతం ఇవ్వకుండా మనిషిని షెడ్డులో కూర్చోబెట్టడం అంతకంటే పెద్ద తప్పు.

ఏప్రిల్ 11

లింగంపేట అవతల ఒక ఊళ్లో గడ్డివాము అంటుకుంది. ఆర్పాము. ఇల్లు దక్కింది, పశువులు దక్కాయి. పంపులో ప్రెషర్ పెరిగి పైపు ఎగరడం వల్ల రాజలింగు అనే రైతుకు మోకాలి దగ్గర దెబ్బ తగిలింది. కామారెడ్డి దవాఖానకు పంపాము.

ఈరోజు లెక్క రాయలేదు.

ఏప్రిల్ 12

నిన్న సరిగ్గా రాయలేదు.

ఫోన్ వచ్చినప్పుడు స్టేషన్‌లో ఇద్దరమే ఉన్నాం. మహేందర్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. హార్వెస్టర్ చప్పుడులో వినబడి ఉండదు. భీమేష్ ఎత్తాడు గానీ అతను రావాలంటే గంట పడుతుంది. హన్మండ్లు అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. "ఇద్దరమే పోదమా?" అన్నాడు. "పోదాం పా" అన్నాను. పోకుండా ఎలా ఉంటాం?

ఇద్దరమే వెళ్లినప్పుడు హన్మండ్లు పంపు వదిలి రాలేడు. పైపు పట్టేది నేనొక్కడినే. అందుకే ఊరివాళ్ల చేతికి పైపు ఇవ్వడం ఈ వేసవిలో మాకు అలవాటైంది. పిలవకుండానే వస్తారు, పట్టుకోవాలని సరదా పడతారు కూడా. మంట చల్లబడ్డాక ఒకరినొకరు తడుపుకొని నవ్వుకుంటారు. ఎప్పుడూ ఎవరికీ ఏమీ కాలేదు.

రాజలింగు తన గడ్డివాము కాబట్టి అందరికంటే ముందు వచ్చాడు. ధోతీ ఎగగట్టి, "నాకియ్యన్నా, నువ్వు ఇంట్లకు పో, లోపట సిలిండర్ ఉన్నది" అన్నాడు. పైపు మూతి అతని చేతిలో పెట్టి, గట్టిగా పట్టుకొమ్మని చెప్పి లోపలికి ఉరికాను. నేను సిలిండర్‌తో బయటికి వస్తుండగా హన్మండ్లు ప్రెషర్ పెంచాడు. ఎక్కువ ప్రెషర్ మీద ఆ మూతిని ఒక్క మనిషి, అదీ అలవాటు లేని మనిషి, పట్టలేడు. అది గింజుకుని అతని మోకాలి మీద కొట్టింది. ఎత్తుగా ఉన్న అరుగు మీది నుంచి కిందపడ్డాడు.

హన్మండ్లు పొద్దుటి నుంచి బండి కడుగుతూనే ఉన్నాడు. కడిగిందే కడుగుతున్నాడు.

ఏప్రిల్ 14

అగ్నిమాపక వారోత్సవాలు మొదలు. ఎల్లారెడ్డి బస్టాండులో పైపు ఎలా పట్టుకోవాలో జనానికి చూపించాము. ముందు ఒకరు, వెనక ఆనుకుని ఒకరు. ఐదుగురమూ ఉన్నాం. ఎవరో ఫోటో తీశారు.

ఏప్రిల్ 16

జిల్లా సారు వచ్చారు. గ్రాంటు చూసే ఆఫీసు నుంచి ఒకాయన కూడా వచ్చాడు, కళ్లజోడు, మర్యాదగల మనిషి. షెడ్డు ముందు వరసగా నిలబడ్డాం. మహేందర్, భీమేష్ ఇస్త్రీ బట్టలు వేసుకున్నారు. బీబీపేట అతనికి వారోత్సవాల నుంచి బస్సు కిరాయి భీమేష్ ఇస్తున్నాడట.

సారు అడిగారు. "గంగారాం, ఆ రోజు బండి మీద ఎంతమంది?"

"ఐదుగురం సార్."

"మరి ఊరాయన చేతికి పైపెట్ల వచ్చింది?"

నేను నేల చూశాను. మాట్లాడకపోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. బడి మానేసి చదువు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి, పెద్దవాళ్ల ముందు తప్పు మాట వస్తుందేమోనని నోరు మూసుకోవడం అలా వచ్చింది. ఆ అలవాటు ఇవాళ నాకు పనికి వచ్చింది.

భీమేష్ అందుకున్నాడు. "ఎంత చెప్పినా ఇనలే సార్. నా గడ్డి, నా ఇల్లు అనుకుంట మా చేతులకెల్లి గుంజుకున్నడు."

కళ్లజోడాయన నా వైపు చూశాడు. "అంతేనా?"

నేను ఏమీ అనలేదు. ఆయన తల ఆడించి రాసుకున్నాడు. వెళ్లేటప్పుడు నాకు చేయి కలిపి, "తక్కువ సౌకర్యాలతో బాగా నడుపుతున్నారు" అన్నాడు.

గుంజుకున్నాడని నేను అనలేదు. ఐదుగురని మాత్రమే అన్నాను.

ఏప్రిల్ 17

మహేందర్ చెప్పాడు: పైపు తనే గుంజుకున్నాడు కాబట్టి రాజలింగుకు డిపార్ట్‌మెంట్ నుంచి ఏ సాయమూ రాదట. "అయినా అన్నా, స్టేషన్ ఉంటే ఆరు ఇండ్లు బతుకుతయి. ఒక మోకాలే గదా, అతుక్కుంటది."

తర్వాత తనే, "గట్ల అనొద్దుండె" అన్నాడు.

ఏప్రిల్ 20

కామారెడ్డి ఇంటికి వెళ్లాను. మా ఇంటామె రామవ్వ బీడీలు చుడుతూ ఉంది. అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నానట.

"ఏమయ్యా, బువ్వ దిక్కు సూస్తె కడుపు నిండుతదా?"

తిన్నాను.

"మీ దిక్కు నిప్పుల దెబ్బ తాకిన మనిషి గీ దవాఖానలనే ఉన్నడంట గదా. పెండ్లాం ఒక్కతే ఉన్నదంట. రేపు జర బువ్వ తీస్కపోదమా?"

"నాకు డ్యూటీ ఉన్నది."

"రేపు లేదంటివి."

"ఉన్నది."

ఏప్రిల్ 22

రామవ్వ ఒక్కతే వెళ్లి వచ్చింది. ఫోన్‌లో చెప్పింది. రాజలింగు భార్య విమలమ్మ ఈమె చేయి పట్టుకుని ఏడ్చిందట. "'మీ ఆయన నిప్పులకు ఉరికి సిలిండర్ తెచ్చిండక్కా, లేకుంటె మా ఇల్లు ఉంటుండెనా' అన్నది. నాకు ఎంత మంచిగ అనిపించిందో. నువ్వు ఇంట్ల ఒక్క ముక్క చెప్పలే. గంత మంచి పని చేసి గూడ చెప్పుకోవు."

లెక్క: ఏమీ కొనలేదు.

ఏప్రిల్ 27

దవాఖాన గేటు దాకా వెళ్లాను. మంచినీళ్ల క్యాన్ దగ్గర కాసేపు నిలబడి తిరిగి వచ్చాను. లోపల రోగులను చూసే వేళ అయిపోయి ఉంటుంది.

ఏప్రిల్ 28

చూసే వేళ అయిపోలేదు. నేను వెళ్లింది పొద్దున.

మే 1

హన్మండ్లు నాతో మాట్లాడడం తగ్గించాడు. అతను నా కంటే మూడేళ్లు పెద్ద. ఊరివాళ్లు అతన్నే అంటున్నారు. టీ కొట్టు దగ్గర ఎవరో, "పంపు తెల్వనోని చేతిల పెట్టిండ్రు" అన్నారట. అతను టీ తాగకుండా వచ్చేశాడట. మహేందర్ చెప్పాడు. హన్మండ్లు నాకు చెప్పలేదు.

మే 4

పెంచమన్నది నేనే.

మే 5

రాసేస్తే అయిపోతుందనుకుని నిన్న ఆ ఒక్క ముక్క రాశాను. అయిపోలేదు.

సిలిండర్ ఎత్తుకుని గడప దాటాను. మంట పూరి చూరు మీదికి వచ్చింది, నీళ్లు అక్కడిదాకా అందడం లేదు. "పెంచు హన్మండ్లూ, పెంచు!" అని నేనే అరిచాను. అతను నా మాట విని పెంచాడు. చెప్పింది చేయడం అతని పని. పైపు ఎవరి చేతిలో పెట్టానో గుర్తు పెట్టుకోవడం నా పని.

ఆ క్షణాన పైపు దగ్గర ఉన్నది మా మనుషులే అనుకున్నాను. మహేందర్ ముందు, భీమేష్ వెనక. అలా ఎందుకు అనుకున్నానో ఇన్నాళ్లూ తెలియలేదు. రోజూ ఐదుగురికి హాజరు వేసి వేసి, ఐదుగురం ఉన్నామని నేనే నమ్మాను. పై వాళ్ల కోసం వేసిన హాజరు నా కళ్లను కూడా మోసం చేసింది.

హన్మండ్లుకు ఇది తెలుసు. విన్నవాడు అతనొక్కడే. విచారణలో అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

మే 8

రాజలింగు ఇంటికి వచ్చాడని తెలిసి వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను అని రాయబోయాను. నిజానికి బండికి నీళ్లు నింపడానికి ఆ ఊరి వైపు వెళ్లాము, హన్మండ్లు చెప్పకుండా అతని ఇంటి ముందు ఆపాడు, దిగమన్నట్టు చూశాడు.

మంచం మీద కూర్చున్నాడు. కాలు తొడ దాకా పట్టీ. మోకాలు ఇక మడవదని డాక్టర్ చెప్పాడట. విమలమ్మ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది. ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లాక అతను గొంతు తగ్గించాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. పైపు నాకు నువ్వే ఇచ్చినవు గదా?"

తల ఊపాను.

"అదే. నాకు దెబ్బ తాకినంక యాదికి సరిగ లేదేమో అనుకున్న. ఊర్ల అందరు 'నువ్వే గుంజుకున్నవంట గదా' అంటుంటె, నిజంగనే గుంజుకున్ననేమో అనిపిస్తుంది."

నేను కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాను. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను.

"సార్లు వచ్చి అడిగితె నేను గూడ గట్లనే చెప్పిన. గుంజుకున్న అనే చెప్పిన. మహేందర్ వచ్చి బతిలాడిండు, లేకుంటె బండి పోతదన్నడు. బండి పోతే మా ఊరికి కామారెడ్డికెల్లి రావాలె. వచ్చేవరకు ఏముంటది? ఇండ్లన్ని పక్కపక్కపొంటే ఉన్నయి." కాలు వైపు చూసుకున్నాడు. "పట్టా బుక్కు కుదువ పెట్టినం దవాఖానకు. ఇడిపించుకుంటం తియ్యి. గాని మా ఆమెకు చెప్పకు. నేనే తప్పు చేసిన అనుకుంటున్నది. రోజూ తిడుతది. తిట్టనీ."

విమలమ్మ టీ తెచ్చింది. "తాగు అన్నా. మా ఆయనకు ఎవరి మాట ఇనే బుద్ధి లేదు, పెద్దమనిషివి నువ్వన్న చెప్పు. మీ నౌకరికి గిట్ల మాట రాలేదు గదా ఈయనవల్ల?"

రాలేదని చెప్పాను. టీ తాగాను. వేడిగా ఉన్నా గబగబా తాగాను, కప్పు ఆమె చేతికిచ్చి త్వరగా లేవాలని.

మే 19

గ్రాంటు మళ్లీ వచ్చింది. పాత జీతాలన్నీ ఒకేసారి పడ్డాయి. మహేందర్ జిలేబీ తెచ్చాడు, హార్వెస్టర్ వాళ్ల మీద జోకులు వేశాడు. భీమేష్ డ్యాన్స్ చేశాడు. హన్మండ్లు జిలేబీ తీసుకుని బండి సీటు మీద పెట్టాడు, చీమలు పట్టాయి.

నేను తిన్నాను.

మే 22

ఫిబ్రవరిలో ఇద్దరు అదనపు మనుషులు కావాలని అడిగి ఉన్నాను. దానికి జవాబు ఇవాళ సారు ఫోన్‌లో చదివి వినిపించారు.

ప్రతి పిలుపుకూ ఐదుగురూ హాజరయ్యారు. ఎక్కడా మనుషులు చాలలేదన్న మాట లేదు. మంటలు సకాలంలో ఆరాయి. కాబట్టి అదనపు మనుషుల అవసరం కనబడడం లేదు. పైగా బండికి నలుగురు సరిపోవచ్చు. గ్రాంటు మీది ఆరుగురిలో నలుగురిని ఉంచుకోండి.

"మీ లెక్కలు చూసే ఇట్ల చేసిండ్రు గంగారాం. నేనేమంటా?" అన్నారు సారు. ఆయన గొంతులో కోపం లేదు. ఆయనకు నిజం తెలుసేమో అనిపించింది. అడిగి తెలుసుకునే పని ఆయనా పెట్టుకోలేదు.

చివర చేరినవాళ్లు ఇద్దరు వెళ్లాలి. భీమేష్, బీబీపేట అతను.

మే 24

భీమేష్ యూనిఫాం మడిచి తెచ్చి ఇచ్చాడు. అతని భార్య ఉతికి పెట్టినట్టుంది, సబ్బు వాసన వేస్తోంది.

"అన్నా, ఆ రోజు నీ కోసమే గా మాటన్న." యూనిఫాం మీది మడత సర్దాడు. "నీ కోసం గాదులే, నా నౌకరి కోసమే అన్న. ఏ మాట అన్ననో అది నా దగ్గర్నే ఉన్నది, నౌకరి పోయింది."

బస్టాండు దాకా వెంట వెళ్తానన్నాను. వద్దన్నాడు.

మే 29

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇప్పుడు డ్యూటీకి గ్రాంటు మనుషులు ఇద్దరే. ఒకతను చెల్లె పెళ్లికి సెలవు పెట్టాడు. మహేందర్‌ను చిన్న పంపు రిపేరుకు సారే కామారెడ్డి పిలిపించారు. ఈసారి ఎవరూ దొంగచాటుగా పోలేదు. అయినా ఇద్దరమే మిగిలాం.

రాజలింగు ఊరే. నర్సవ్వ అనే ముసలామె పశువుల కొట్టం. పక్కనే గదిలో బీడీ ఆకు, మక్కలు. మేము వెళ్లేసరికి కొట్టం సగం అంటుకుంది. దూడను ఎవరో తప్పించారు. హన్మండ్లు పంపు దగ్గర నిలబడ్డాడు. నేను పైపు పట్టాను. ఒక్కడినే కాబట్టి తక్కువ ప్రెషర్ మీద కొట్టాలి. తక్కువ ప్రెషర్ మీద నీళ్లు పైకప్పు దాకా పోవు.

ఐదారుగురు మగవాళ్లు వచ్చారు.

"అన్నా మేం పడుతం, ఇయ్యి."

"వద్దు. దూరం పోండ్రి."

"గది అంటుకుంటది అన్నా! ఇయ్యి జల్ది!"

"వద్దన్న గదా."

నర్సవ్వ నా మోచేయి పట్టుకుంది. "కొడుకా, ఏడాదంత చుట్టే ఆకు గండ్లనే ఉన్నది, నీ కాళ్లు మొక్కుత, ఆళ్లకియ్యి." నేను ఆమెను మోచేత్తో పక్కకు నెట్టాను. ఒక ముసలామెను నెట్టాను.

గది కప్పు అంటుకుంది. అప్పుడు ఒకతను ముందుకొచ్చి పైపు మీద చేయి వేశాడు. "మర్యాదగ ఇయ్యవా? రాజలింగు గుంజుకున్నట్టు మేం గూడ గుంజుకోవాల్నా?"

నేను ఎప్పుడూ అంత గట్టిగా అరిచి ఉండను.

"ఆయన గుంజుకోలే! నేనే ఇచ్చిన! ఆ రోజు బండి మీద ఇద్దరమే వచ్చినం. నేనే ఇచ్చి, నేనే ప్రెషర్ పెంచుమన్న. ఆయన కాలు నా వల్లనే పోయింది. నీ కాలు గూడ పోవాల్నా?"

అతను చేయి తీసేశాడు. కప్పు కూలే చప్పుడు వినబడింది.

విమలమ్మ ఆ గుంపులో ఉంది. ఆమెను నేను అరిచాక చూశాను.

నర్సవ్వ గది దక్కలేదు. ఎవరికీ దెబ్బ తగలలేదు. వచ్చేటప్పుడు హన్మండ్లు దారిలో బండి ఆపి రెండు టీలు తెచ్చాడు. నా టీ నా చేతికిచ్చి తన టీ పూర్తిగా తాగాడు.

మే 30

నేను అరిచింది ఎవరో ఫోన్‌లో వీడియో తీశారట. ఎల్లారెడ్డి అంతా చూసింది. సారు ఫోన్ చేశారు. రమ్మన్నారు.

జూన్ 2

సారు ముందు కూర్చుని అంతా చెప్పాను. ఈసారి కుర్చీ ఇచ్చారు. "జనం ముంగట అనేముందు నాకొక్క మాట చెప్పొచ్చు గదా" అన్నారు మొదట. చివర, "రాజలింగుకు సాయం వచ్చేటట్టు నేను రాస్త" అన్నారు. నాకు ఏమవుతుందో అడగలేదు. ఇంటికి వచ్చి రామవ్వకు చెప్పాను. ఆమె బీడీల చాట పక్కన పెట్టింది.

"నేను ఆమె చేతుల టిఫిన్ గిన్నె పెట్టి, మా ఆయన గట్లాంటోడే అని చెప్పుకున్న" అంది. అన్నం పెట్టింది.

జూన్ 11

ఉత్తర్వు వచ్చింది. షరతు తప్పినందుకు గ్రాంటు ఆపేశారు. ఎల్లారెడ్డి స్టేషన్ మూత. బండిని కామారెడ్డి తీసుకుపోతారు. మిగిలిన నలుగురూ రేపటి నుంచి రానక్కర్లేదు. నాకు ఇంక్రిమెంట్ కోత, నాకూ హన్మండ్లుకూ కామారెడ్డి పెద్ద స్టేషన్‌కు బదిలీ. రాజలింగుకు సాయం మంజూరైంది, పట్టా బుక్కు విడిపించుకోవడానికి సరిపోతుందట.

నాకు పడిన శిక్ష అందరికంటే చిన్నది.

జూన్ 14

బండి తీసుకుపోయే రోజు. మహేందర్ వచ్చాడు, మామూలు చొక్కాలో. షెడ్డు తలుపు వేయడానికి సాయం పట్టాడు. తాళం వేశాక అడిగాడు.

"నువ్వు ఎన్నడు మాట్లాడవు గదా అన్నా. ఆ ఒక్క దినం గూడ మాట్లాడకపోతే ఏమైతుండె?"

తాళంచెవి జేబులో వేసుకున్నాను. అతను కాసేపు ఎదురు చూశాడు, ఇన్నేళ్లూ చూసినట్టే. తర్వాత బైక్ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. దోహాలో ఉన్న తన బావతో అక్కడి పని గురించి మాట్లాడుతున్నాడని హన్మండ్లు చెప్పాడు.

జూలై 6

పెద్ద స్టేషన్. ఇక్కడ మనుషులకు కొదవ లేదు. పొద్దున వరస నిలబడితే రెండు వరసలు అవుతాయి. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు గుసగుసలాడారు, తర్వాత మానేశారు. క్యారమ్ ఆడుతారు, నన్నూ రమ్మంటారు.

ఆగస్టు 19

రాజలింగుకు ఫోన్ చేద్దామనుకున్నాను. చేయలేదు.

ఆగస్టు 20

చేయలేదు.

నవంబర్ 17

పొద్దున ఫోన్ వచ్చింది. లింగంపేట అవతల, అదే ఊరు. వరి కోతలు అయి గడ్డివాములు కొత్తగా వేసుకున్నారు. సైరన్ వేసుకుని పోయాం. రోడ్డు నిండా వడ్లు ఆరబోసి ఉన్నాయి, పక్కలకు తప్పించుకుంటూ పోవాలి. హన్మండ్లే నడిపాడు. ఎంత వేగంగా నడిపినా కామారెడ్డి నుంచి ఆ ఊరు దగ్గర కాదు.

మేము చేరేసరికి పొగ సన్నగా లేస్తోంది. మూడు ఇళ్లు. మట్టి గోడలు మాత్రం నిలబడ్డాయి. ఆడవాళ్లు కాలని సామాను ఏరుతున్నారు. ఒకామె సగం మాడిన పరుపును దులుపుతోంది, దులిపినకొద్దీ అది రాలిపోతోంది. మమ్మల్ని చూసి ఎవరూ లేవలేదు. తిట్టలేదు కూడా. తిడితే బాగుండు అనిపించింది.

మావాళ్లు బండి దిగి వరసగా నిలబడ్డారు. కర్ర ఊతంతో, మడవని కాలు ఈడ్చుకుంటూ రాజలింగు వచ్చాడు. కాలిన ఇళ్లలో అతని ఇల్లు లేదు, అతని అన్న ఇల్లు ఉంది. నన్ను గుర్తుపట్టి ఆగాడు. మా వరసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"ఇయ్యాల నిండుగ వచ్చిండ్రన్నా" అన్నాడు.

ఎగతాళిగా అన్నాడో, నిజంగానే అన్నాడో ముఖంలో తెలియలేదు. పైపు విప్పనే లేదు కాబట్టి చుట్టే పని కూడా లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బండి చుట్టూ ఒకసారి తిరిగాను, టైర్లు చూస్తున్నట్టు.